బట్టమేకలమ్మ గడ్డిదిన్నె

బోదదిన్నె గ్రామానికి పడమర దిక్కున, ఎర్రమట్టి బాట చివర వెలసిన బట్టమేకలమ్మకు గోపురం లేదు, ప్రాకారం లేదు. గడ్డి నడుమ పసుపు పూసిన శిలారూపంలో తల్లి కొలువై ఉంది. తొలిసారి వచ్చే భక్తులు కొందరు పేరు విని మేకపోతులను వెంట తెచ్చి, ఇక్కడ బలి లేదని తెలిసి మళ్లీ ఇంటికి తోలుకుపోవడం కద్దు.

పూర్వం ఇక్కడ గడ్డి తప్ప ఈ శిల కూడా లేదు. నది అవతలి సీమలో వానలు మొహం చాటేసిన ఒక ఏడు, కరియప్ప అనే గొర్రెల కాపరి మేత వెతుక్కుంటూ మందతో ఇటు వచ్చాడు. తల్లి గొర్రెలకు పాలు ఎండిపోయి, పిల్లలు నిలబడలేకపోతున్నాయి. దిన్నె నిండా ఊగుతున్న గడ్డిని చూసేసరికి ఆయనకు ప్రాణం లేచివచ్చింది. మందను మళ్లించే ముందు కాస్త నడుము వాల్చాడు. ఆ మధ్యాహ్నపు కునుకులో అమ్మవారు కనిపించి, "దిన్నె మీద నా బట్టమేక ఉంది. దానికి చోటు విడిచి నీ మందను బ్రతికించుకో" అని ఆనతిచ్చింది.

కరియప్ప పుట్టిన సీమలో బట్టమేక అన్న మాటే లేదు. ఎంత బుర్ర గోక్కున్నా ఒక్కటే అర్థం తోచింది. తలపాగా విప్పి, మందలోని ఒకే ఒక్క మేకకు శ్రద్ధగా చుట్టి, దాన్ని దిన్నె ఎక్కించి, తాను భక్తితో కింద నిలబడ్డాడు. ఆ మేక గడ్డి జోలికి పోకుండా తలపాగానే నమలసాగింది.

పక్క చేలో కొర్ర కోత ముగించి మోపులు కడుతున్న నాగెమ్మవ్వ అది చూసింది. సంగతి అడిగి తెలుసుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది.

"బట్టమేకంటే మేక గాదు నాయనా, ఎగిరే పచ్చి! రా, సూపిస్తా."

గడ్డిలో పొడవాటి మెడ గల ఒక పెద్ద పక్షి, ఉత్త నేల మీద పెట్టిన ఒంటి గుడ్డును కాచుకుని ఉంది. మంద ఎక్కితే ఆ గుడ్డు ఏమవుతుందో కాపరికి ఒకరు చెప్పనక్కరలేదు. వెనక గొర్రెపిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. కరియప్పకు కళ్లనీళ్లు తిరిగాయి.

"గుడ్డును తొక్కిస్తే అమ్మకు కోపం. తొక్కియ్యకుంటే నా మంద సస్తాది. యాడికి పోదునవ్వా?"

"యాడికీ పోవద్దు. నా చేను కోత అయిపాయ. మందను దాంట్లోకి తోలు. కోసినాంక మిగిలిన కొయ్యకాళ్లు నీ గొర్రెలకు, ఎరువు నా చేనికి. పిల్ల ఎగిరినాంక దిన్నె మేపుకో."

అవ్వను చూసి మిగతా రైతులూ తమ చేలలో మందకు చోటిచ్చారు. పిల్ల ఎగిరేనాటికి గడ్డి విత్తనం రాల్చింది. అప్పుడు దిన్నె ఎక్కిన గొర్రెలు కడుపారా మేశాయి. మరుసటి ఏడు అవ్వ చేలో కంకులు విరగకాశాయి, దిన్నె మీద గడ్డి ఇంకా దట్టంగా మొలిచింది. గుడ్డు ఉన్నచోట అమ్మవారు శిలగా వెలసింది. కరియప్ప ఇక నది దాటి తిరిగి వెళ్లలేదు.

నేటికీ తొలకరి నుంచి దసరా వెళ్లేదాకా దిన్నె మీదికి మంద ఎక్కదు. కాపరులు కోసిన చేలలో మంద కడతారు, రైతులు వారికి భోజనం పెడతారు. దసరా తరువాతి మంగళవారం కరియప్ప వంశీకులు ఒక మేకకు కొత్త బట్ట చుట్టి ముందు నడిపిస్తారు, ఊరి మందలన్నీ వెనక నడుస్తాయి. మేక ఆ బట్టను నమిలిందంటే ఊరంతా కేరింతలే. నమలగా మిగిలిన పీలికను పశువుల కొట్టంలో కట్టుకుంటే పాడికి లోటుండదని భక్తుల విశ్వాసం.

బట్టమేక పక్షి మాత్రం ఇటీవల అరుదైపోయింది. కొన్ని ఏళ్లు అసలు కనిపించదు. పక్షే రానప్పుడు గడ్డి విడిచిపెట్టడమెందుకని ఎవరైనా అడిగితే, ఇప్పటి పూజారి ఉరుకుందప్ప నవ్వి ఒకే మాట అంటాడు:

"అది వచ్చిన పొద్దు చోటు లేకుంటే, అమ్మకు ఏం జెప్పుకుందుము సామీ?"