అద్దం అంచున వేళ్లు

సామర్లకోటలో సుభాషిణి అనే ఇల్లాలు ఉండేది. ఆమె చేతిలో మంచి పనితనం ఉంది గాని, ఆ పని ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పడానికి మాత్రం ఆమెకు నోరు వచ్చేది కాదు.

బజారులో దొరికే వస్తువు ఏది చూసినా, దాన్ని ఇంట్లోనే చేసి చూడాలని ఆమెకు మహా సరదా. సున్నిపిండి, కాటుక, మందారాకుల తలంటు పొడి, పాత చీరలతో గుమ్మంలో వేసే కాళ్లపట్టాలు, కొబ్బరిచిప్పలతో కుంకుమ భరిణెలు, ఇలా ఆమె చెయ్యి పెట్టనిది లేదు. బాగానే చేసేది కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని ఎవరైనా అడిగితే మాత్రం కొంగు సర్దుకుని, "నేర్చుకోవడమేమిటండీ, నాకే తట్టింది" అనేది.

నిజానికి తలంటు పొడి సంగతి పాలు పోసే అప్పయమ్మ చెప్పింది. సున్నిపిండి, కాళ్లపట్టాలు పక్కింటి పేరిందేవమ్మ చేస్తుంటే చూసింది. వాళ్లిద్దరూ ఈ మాట విని, "పోనీలే, చిన్నపిల్ల" అని నవ్వి ఊరుకునేవారు.

అయితే దీనిలో ఒక చిక్కు ఉంది. అన్నీ తెలుసని చెప్పుకునేవాళ్లు ఏదీ సూటిగా అడగలేరు. అందుకని సుభాషిణి, తెలిసినదానిలా మాట కలిపి, డొంకతిరుగుడుగా కూపీ లాగేది.

ఒకసారి ముఖానికి నలుగుపిండి కలుపుదామనుకుంది. పేరిందేవమ్మ గుమ్మంలో నిలబడి, "సెనగపిండిలో పాలమీగడ, పసుపు వేసుకుంటాం కదండీ పిన్నిగారూ" అంది.

"వేసుకుంటాం. నీకు తెలియనిదేముంది!" అంది పేరిందేవమ్మ.

ఏ పసుపు అని అడిగితే తెలియదని బయటపడుతుంది. అందుకని సుభాషిణి అడగలేదు. కస్తూరి పసుపుకు బదులు వంటింట్లో కూరల్లో వేసే పసుపు రెండు చెంచాలు కలిపి పట్టించుకుంది. మూడు రోజులపాటు ఆమె ముఖం బంతిపువ్వులా వెలిగిపోయింది. భర్త ప్రకాశం అన్నం తింటూ తల పైకెత్తితే ఎక్కడ నవ్వొస్తుందోనని మూడు రోజులూ కంచంలోకి చూస్తూనే తిన్నాడు. పేరిందేవమ్మ కనిపించి, "అయ్యో, ఇదేమిటే?" అంటే, "ఇప్పుడిదే కొత్త పద్ధతండీ" అంది సుభాషిణి. అంతేగాని పొరపాటు చేశానని అనలేదు.

అలా ఉండగా ప్రకాశం చెల్లెలు మృదులకు ఏడో నెల వచ్చింది. వేసవిలో, మల్లెపూల రోజుల్లో, ఆమెను పుట్టింటికి తీసుకొచ్చారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి సీమంతం పేరంటం అనుకున్నారు.

మృదుల నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఆడపిల్లలందరికీ ఎండాకాలం రాగానే మల్లెమొగ్గలతో పూలజడ కుట్టించి, జడ కనబడేలా వెనక అద్దం పెట్టి ఫోటో తీయించేవారు. మృదులకు ఆ ముచ్చట తీర్చేవాళ్లు లేకపోయారు. ఆమె దగ్గర ఉన్నదల్లా తల్లి సీమంతం నాటి ఫోటో ఒకటే. అందులో తల్లి కుర్చీలో కూర్చుని ఉంటుంది. వెనక అద్దంలో నిండుగా పూలజడ కనిపిస్తుంది.

మృదుల ఆ ఫోటో వదిన చేతిలో పెట్టింది.

"వదినా, నేనేదీ కోరను. నాకు ఇలాంటి జడ ఒక్కటి వేయించవా? అమ్మ దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది" అంది.

ప్రకాశం, "మన వీధి చివర మంగతాయారు మామ్మ ఉందిగా. పూలజడలు కుట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. పిలుచుకొస్తాను" అన్నాడు.

"ఎందుకండీ? నేను లేనూ!" అంది సుభాషిణి. మరదలి మీద ఆమెకు నిజంగానే ప్రేమ. ఆ జడ తన చేత్తోనే కుట్టాలని ముచ్చటపడింది. ఆ ముచ్చటలో తప్పులేదు. తప్పంతా ఆ తర్వాతే జరిగింది.

మర్నాడు ఆమె మామ్మ ఇంటికి వెళ్లింది. ఫోటో చూపిస్తే నేర్చుకోవడానికి వచ్చినట్టు బయటపడుతుందని, దాన్ని ఇంట్లోనే దాచి వెళ్లింది. మంగతాయారు మామ్మ అరుగు మీద కూర్చుని ఎవరో పిల్లకు జడ కుడుతోంది. సూది గుచ్చుకోకుండా కుడిచేతి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. ఒక్కొక్క మొగ్గనూ పక్కపక్కనే పేర్చి దారంతో బిగిస్తోంది.

సుభాషిణి పక్కన కూర్చుని చాలాసేపు చూసింది. పైన పూలు కనిపిస్తున్నాయి గాని, అడుగున ఏముందో కనిపించలేదు.

"అడుగున గట్టిగా ఉండేదేదో వేసుకోవాలి కదండీ మామ్మగారూ" అంది, ఎంతో తెలిసినదానిలా.

"వేసుకోవాలమ్మా, లేకపోతే జడ నిలబడదు. నువ్వూ కుడతావుటగా?"

"ఏదో, అప్పుడప్పుడూ."

"అయితే నీకు నేను చెప్పేదేముంది!" అంది మామ్మ, పళ్లు లేని నోటితో నవ్వుతూ.

అడుగున వేసేది ఏమిటని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ ఒక్క మాటకే సుభాషిణికి నాలుక తిరగలేదు. ఇంటికి వచ్చి, గట్టిగా ఉండేది అంటే అట్టే అయి ఉంటుందనుకుని, చీరల అట్టపెట్టె ఒకటి కోసి జడ ఆకారంలో కత్తిరించి పెట్టుకుంది.

ఆదివారం తెల్లవారేసరికి మొగ్గలు వచ్చాయి. సుభాషిణి కాఫీ అయినా తాగకుండా కూర్చుంది. పాపం, కష్టపడింది. వేళ్లకు సూదులు గుచ్చుకున్నాయి, నడుము పట్టేసింది. మధ్యాహ్నానికి జడ తయారైంది. మధ్యలో కనకాంబరాల గళ్లు, అంచున మరువం, చివర జడగంటలు. చూసినవాళ్లందరూ ఆహా అన్నారు. మొగ్గలు వాడిపోకుండా ఆమె దానిమీద నీళ్లు చిలకరించి, తడిగుడ్డ కప్పి, నిశ్చింతగా భోజనానికి లేచింది.

రెండు గంటలకు మృదుల తల దువ్వించుకుని కూర్చుంది. సుభాషిణి తడిగుడ్డ తీసి, జడను రెండు చేతులా పైకెత్తింది. అట్ట నానిన అప్పడంలా మధ్యకు వంగి, నిలువునా చిరిగింది. కుట్లు ఊడి మొగ్గలు జలజలా నేలమీద రాలాయి. ఆమె చేతిలో జడగంటలు మాత్రం మిగిలాయి.

పేరంటానికి ఇంకా రెండు గంటలే ఉన్నాయి.

మృదుల కోప్పడి ఉంటే బాగుండేది. కాని ఆ పిల్ల వంగలేక వంగి, నేలమీది మొగ్గలు ఏరుతూ, "పోనీలే వదినా, రెండు మూరల పూలు పెట్టుకుంటాను. నువ్వు పొద్దుటినుంచీ ఎంత కష్టపడ్డావు!" అంది. అంటూనే తల్లి ఫోటోను మెల్లగా బల్లమీద బోర్లించింది.

అది చూసి సుభాషిణి ఇక నిలబడలేకపోయింది. చెప్పులైనా వేసుకోకుండా మండుటెండలో వీధి చివరిదాకా పరుగెత్తింది.

మామ్మ భోంచేసి నడుం వాల్చింది. "ఏమిటే అమ్మడూ, ఎండలో ఇలా వచ్చావు?" అని లేచి కూర్చుంది.

"మామ్మగారూ, నాకు తెలియదండీ" అంది సుభాషిణి. అది అనగానే ఏడుపొచ్చింది. "జడ కుట్టడం నాకు తెలియదు. అడుగున ఏం వేస్తారో కూడా తెలియదు. తెలిసినట్టు మీ దగ్గర నటించాను. అట్ట వేసి కుట్టాను, నానిపోయి చిరిగిపోయింది. నాలుగింటికి మా మృదుల సీమంతం. ఆ పిల్ల కోరుకున్నది ఇదొక్కటే."

దెప్పుతుందేమోనని సుభాషిణి తల వంచుకుంది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇహ మామ్మ మాత్రం ఎలా చెబుతుందే?" అంది ఆవిడ. "మొగ్గలు నలిగాయా?"

"లేదండీ, బాగానే ఉన్నాయి."

"అయితే ఏమీ కాలేదు. పెరట్లో అరటిబోదె ఉంది, కత్తి తీసుకురా. అట్ట నీళ్లు పీల్చి చస్తుంది గాని, అరటి దొప్పకు నీళ్లేం భయం? తనే పువ్వుకు చలవ ఇస్తుంది. ఎలా వంచితే అలా వంగుతుంది" అని బోదె మీది దొప్ప ఒలిచి, భుజాన వేసుకుని బయలుదేరింది.

దారిలో సుభాషిణి పేరిందేవమ్మ తలుపు తట్టింది. పాల చెంబుతో ఎదురొచ్చిన అప్పయమ్మను ఆపింది. "కాస్త సాయం రండి, నా ఒక్కదాని వల్లా కాదు" అంది. ఆమె నోట అలాంటి మాట విని ఇద్దరూ ఆశ్చర్యపోయి వెంట నడిచారు.

అప్పయమ్మ మొగ్గలు ఏరి ఇచ్చింది. పేరిందేవమ్మ సూదుల్లో దారం ఎక్కించింది. మామ్మ వేలికి గుడ్డపీలిక చుట్టుకుని కుట్టసాగింది. మధ్యలో సూదిని సుభాషిణి చేతికిచ్చి, "ఈ వరస నువ్వు కుట్టు. మొగ్గ మెడలో గుచ్చకు, కాడలో గుచ్చు. మరీ ఇరికించకు, సాయంత్రం విచ్చుకోవడానికి దానికి చోటుండాలి" అని చెప్పింది. అడుగడుగునా చెప్పింది. సుభాషిణి అడిగినదానికల్లా చెప్పింది, అడగనిది కూడా చెప్పింది. నమూనా కోసమని మృదుల ఆ ఫోటోను తిరిగి బల్లమీద నిలబెట్టినా, మామ్మ దానివైపు చూడలేదు. అయినా కనకాంబరాల గళ్లు అచ్చం ఫోటోలో ఉన్నట్టే వచ్చాయి.

నాలుగు కొడుతుండగా జడ మృదుల వీపు మీద ఒదిగింది. ఇల్లంతా మల్లెల వాసన నిండింది. మృదుల చెయ్యి వెనక్కి పోనిచ్చి జడను తడుముకుని, "బరువుగా ఉంది వదినా, అమ్మకూ ఇంతే బరువు వేసి ఉంటుంది కదూ" అని కళ్లు తుడుచుకుంది.

పేరంటాళ్లు వచ్చారు. మృదుల అత్తగారు జడ చూసి ముక్కున వేలేసుకుని, "ఎంత పనితనం! ఎవరు కుట్టారమ్మా?" అని అడిగింది.

మంగతాయారు మామ్మ అప్పటికే ఒక మూలకు జరిగి నిలబడింది. అక్కడినుంచే, "ఈ ఇంటి కోడలేనమ్మా. పొద్దుటినుంచీ కూర్చుని కుట్టింది" అంది.

అందరూ సుభాషిణి వైపు తిరిగారు. ఎన్నో ఏళ్ల అలవాటు కదా, "నాకే తట్టింది" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఏం చెయ్యాలో తోచక ఆమె చూపు తిప్పుకుంది. ఆ చూపు బల్లమీది ఫోటో మీద పడింది.

ఆ వారంలో ఆమె ఆ ఫోటోను వందసార్లు చూసి ఉంటుంది. అయితే జడనే చూసింది. ఇప్పుడు అద్దం అంచున నాలుగు వేళ్లు కనిపించాయి. అద్దాన్ని వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. మనిషి ఫోటోలో లేదు. చూపుడువేలికి మాత్రం గుడ్డపీలిక చుట్టి ఉంది.

"మామ్మగారూ, ఈ వేళ్లు మీవేనా?" అంది సుభాషిణి.

మామ్మ దగ్గరకు వచ్చి, కళ్లు చికిలించి చూసి నవ్వింది. "నావే. మృదుల అమ్మకు ఆ జడ కుట్టింది నేనే. అప్పట్లో ఈ ఇంట్లో నిలువుటద్దం లేకపోతే, చిన్న అద్దం నేనే పట్టుకు నిలబడ్డాను. ఫోటో తీసేవాడు, మీరు పడుతున్నారు, పక్కకు జరగండి అన్నాడు. జరిగాను. వేళ్లు మిగిలిపోయినట్టున్నాయి."

"మరి చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలేదు కదే!" అంది మామ్మ, అదేమంత విషయం కాదన్నట్టు.

సుభాషిణి మామ్మ వేళ్లను కళ్లకద్దుకుంది. తర్వాత అందరూ వినేలా చెప్పింది. "ఈ జడ మంగతాయారు మామ్మగారు కుట్టారు. నాచేత ఒక వరస కుట్టించారు, అంతే. నేను కుట్టింది చిరిగిపోయింది. నేను చేసే సున్నిపిండీ కాళ్లపట్టాలూ పేరిందేవమ్మగారి విద్య. తలంటు పొడి మా అప్పయమ్మది. నాకు సొంతంగా తట్టింది ఒక్కటే, కూరల పసుపు ముఖానికి రాసుకోవడం!"

ఇల్లంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ప్రకాశం. అప్పయమ్మ మాత్రం నవ్వలేదు. పదిమందిలో తన పేరు వినబడేసరికి పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది.

ఫోటో తీసే వేళకు మామ్మ అలవాటుగా అద్దం అందుకోబోయింది. సుభాషిణి అద్దాన్ని తాను పట్టుకుని, మామ్మను మృదుల పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. మృదుల ఆవిడ భుజం మీద తల ఆనించింది. "అమ్మకు మీరు చేసినది, నాకూ చేశారు మామ్మగారూ" అంది. మామ్మకు ఎటు చూడాలో తెలియలేదు. జన్మలో మొదటిసారి ఫోటోలో నిండుగా పడింది.

ఈసారి అద్దం అంచున పడ్డవి సుభాషిణి వేళ్లు. ఆ రెండు ఫోటోలూ ఇప్పటికీ ఆ ఇంట్లో పక్కపక్కనే ఉన్నాయి.

సుభాషిణి ఇంట్లో ప్రయోగాలు మానలేదు, మానవలసిన అవసరమూ లేదు. సున్నిపిండి డబ్బా మీద మాత్రం ఇప్పుడు "పేరిందేవమ్మగారి పద్ధతి" అని రాసి ఉంటుంది. విచిత్రమేమిటంటే, పేర్లు చెప్పడం మొదలుపెట్టాక వీధిలోవాళ్లు ఆమెను పిలిచి మరీ నేర్పుతున్నారు, ఏ పసుపో కూడా విడమరిచి చెబుతున్నారు.

నీతి: తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదు, నేర్పినవారి పేరు చెప్పుకోవడానికి అసలే సిగ్గుపడకూడదు.