గంభీరుడి స్వాగత ద్వారం

కొండగోగు అడవిలో జింకలు, కోతులు, ఉడతలు, గోరింకలు ఉండేవి. అడవి మధ్యలో పారే వాగు ఎండాకాలంలో కూడా ఎండేది కాదు. అందుకని నీళ్ళు కరువైన అడవుల నుంచి జంతువులన్నీ పిల్లాపాపలతో అక్కడికి చేరసాగాయి. రెండేళ్ళలో అడవి కిటకిటలాడింది.

ఆ అడవికి పెద్ద గంభీరుడనే అడవిదున్న. కొత్త మొహం కనబడినప్పుడల్లా తన పేరు విని వచ్చినట్టే అనుకుని మురిసిపోయేవాడు.

కానీ వచ్చినవాళ్ళకు ఇళ్ళు చాలలేదు. ఉడతలకు, గోరింకలకు తొర్రలు లేవు. పైగా చెట్లకు పురుగు పట్టింది. తొర్రలు తొలిచి, పురుగు తీసే వడ్రంగిపిట్టలు అడవి మొత్తానికి రెండే ఉన్నాయి. రెండూ ముసలివి. వాటి ముక్కులు అరిగిపోయాయి. చూస్తే వానాకాలం దగ్గర పడుతోంది.

గంభీరుడు చిలుకలను నాలుగు దిక్కులకూ పంపాడు. పని తెలిసిన కుర్ర వడ్రంగిపిట్టలకు తమ అడవిలో గొప్ప భవిష్యత్తు ఉందని చాటించాడు. వాగు ఒడ్డున తీగలతో, పూలతో పెద్ద స్వాగత ద్వారం కట్టించాడు.

ఇరవై కుర్రపిట్టలు వచ్చాయి. నెమలి నాట్యం చేసింది. పళ్ళ విందు జరిగింది. గంభీరుడు ఉపన్యాసం మొదలుపెట్టాడు. అది ముగిసేసరికి నెమలి పింఛం ముడుచుకుని నిద్రపోయింది.

మర్నాటి నుంచి అసలు సంగతి తెలిసింది. వాగు పక్క మంచి చెట్లన్నీ తమ తాతల నాటివని పాతవాళ్ళు కదల్లేదు. కొత్త పిట్టలకు కొండ అవతల రాళ్ళగుట్ట మీద మోడులు చూపించారు. అక్కడి నుంచి ఎగిరి పనిలోకి వచ్చేసరికే సగం పూట గడిచిపోయేది.

పిట్టల్లో చెక్కన్న అనేవాడు నేర్పరి. వాడు ఒకరోజు గంభీరుడి దగ్గరికి వచ్చి, "అయ్యా, మీరు పడుకునే ఈ మద్దిచెట్టు లోపల గుల్లయిపోయింది. నెల రోజులు నాకు వదిలేస్తే బాగుచేస్తాను," అన్నాడు.

గంభీరుడికి నవ్వొచ్చింది. "నువ్వొచ్చి పదిహేను రోజులు కాలేదు. పుట్టినప్పటి నుంచి నేను ఈ చెట్టు కిందే ఉన్నాను. నాకు చెప్పొచ్చావా?"

చెక్కన్న వెనుదిరిగాడు. ఆ వారమే పక్కనున్న తునికితోపుకు వెళ్ళిపోయాడు. మిగిలిన పిట్టలు కూడా ఒకటొకటిగా అతని వెంటే వెళ్ళాయి.

ఈ కాలం పిల్లలకు నిలకడ లేదని గంభీరుడు తేల్చేశాడు. లోపమేదైనా ఉంటే అది ద్వారంలోనే ఉండాలనుకుని, దాన్ని రెండింతలు పెంచాడు. రెండు నెమళ్ళను పెట్టాడు. మళ్ళీ పిట్టలు వచ్చాయి, విందు తిన్నాయి, మర్నాడే పోయాయి. మూడో విందులో గంభీరుడు ఒక పిట్టను తేరిపార చూసి, "నిన్నెక్కడో చూసినట్టుందే," అన్నాడు.

"పోయిన రెండు విందుల్లోనండీ," అంది అది, పండు కొరుకుతూ.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఈదురుగాలికి మద్దిచెట్టు ఫెళ్ళున విరిగి పక్కనే ఉన్న స్వాగత ద్వారం మీద పడింది. పారిపోబోయిన గంభీరుడి కొమ్ములు రెండు కొమ్మల మధ్య ఇరుక్కున్నాయి. ఎంత గుంజినా ఊడి రాలేదు. కోతులు తోక పట్టుకుని లాగాయి. లాగినకొద్దీ తోక నొప్పి పుట్టింది తప్ప కొమ్ములు కదల్లేదు.

చివరికి ఒక ఉడత తునికితోపుకు పరుగెత్తింది. చెక్కన్న నలుగురు స్నేహితులతో వచ్చాడు. ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనకుండా, సాయంత్రం లోపల కొమ్మను పొడిచి పొడిచి విరగగొట్టాడు.

గంభీరుడు సిగ్గుతో తల దించుకుని వాళ్ళతోపాటే తునికితోపుకు వెళ్ళాడు. అక్కడ ద్వారం లేదు, నెమలీ లేదు. చెట్టు చెట్టుకూ తొర్రలు, తొర్రల్లో కిచకిచలు ఉన్నాయి. తోపుకు పెద్ద సూదమ్మ అనే ముళ్ళపంది.

"సూదమ్మా, వీళ్ళకు నువ్వేం పెట్టావు?" అని అడిగాడు.

"ఏం పెడతానన్నా? ఏం కావాలని అడిగాను. తునికిచెట్లు కావాలన్నారు, ఇచ్చాను. ఏ చెట్టుకు ఏ జబ్బో వాళ్ళు చెప్పారు, విన్నాను. నాకు తెలియని పని కదా."

తిరిగి రమ్మని గంభీరుడు చెక్కన్నను బతిమాలాడు. చెక్కన్న మర్యాదగానే కాదన్నాడు. తన పిల్లలు ఇక్కడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చాయని, ఇదే తన ఇల్లని చెప్పాడు. ఆ వానాకాలంలోనే కొండగోగు ఉడతల్లో సగం, గోరింకలు దాదాపు అన్నీ తునికితోపుకు తరలిపోయాయి.

మరుసటి ఏడు కొండగోగు అడవికి ముగ్గురే కుర్రపిట్టలు వచ్చారు. గంభీరుడు ఉపన్యాసం ఇవ్వలేదు. వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి, "ఏ చెట్టు కావాలో మీరే చూసుకోండి," అన్నాడు.

వాళ్ళు చెట్టు చెట్టుకూ ఎగిరి, ప్రతి కొమ్మనూ తట్టి, తమలో తాము వాదులాడుకున్నారు. మధ్యాహ్నమైంది. గంభీరుడికి చెప్పాలనిపించిన మాటలు చాలానే ఉన్నాయి. అన్నీ మింగుతూ, గడ్డి కూడా నమలకుండా నిలబడ్డాడు.

నీతి: ఆర్భాటంగా పిలిస్తే వస్తారు, చోటిచ్చి, మాట వింటేనే ఉంటారు.