ఉపపాలకుల చరిత్రలో ఖాళీగా వదిలిన పేరు

ఇది మేరువాడ అనే రాజ్యంలో జరిగిన సంగతి. నల్లేరు ఒడ్డున చిన్న కోట, కోట చుట్టూ ఊరు, ఊరి చుట్టూ చెరుకు తోటలు. పెద్ద రాజ్యమేమీ కాదు గానీ దాన్ని ఏలే వల్లభభూపతికి మాత్రం అంతకంటే పెద్ద రాజ్యం భూమ్మీద లేదు.

వల్లభభూపతి చెడ్డవాడు కాడు. పొగడ్త అంటే చెవి కోసుకుంటాడు, అంతే. ఆయన నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ఏం చేసిందీ 'రాజదినచర్య' అనే పుస్తకంలో రాయాలి. తుమ్మితే తుమ్మినట్టూ, నవ్వితే నవ్వినట్టూ రాయాలి. అది ఆయన ముత్తాత పెట్టిన ఆచారం.

ఆ రాజ్యంలో ఉపపాలకుడనే ఉద్యోగం ఒకటి ఉండేది. రాజు ఊళ్ళో లేనప్పుడు, జబ్బు పడ్డప్పుడు ఆయన బదులు పాలన చూడడం ఆ ఉద్యోగి పని. సభలో సింహాసనానికి కుడిపక్కన, మూరెడు తక్కువ ఎత్తులో ఆయనకొక పీఠం. ఆ రోజుల్లో ఆ పీఠం మీద ఓబళనాయకుడు కూర్చునేవాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. బొడ్డు దాకా తెల్లటి గడ్డం. అడిగితే తప్ప మాట్లాడడు.

ఆ గడ్డమే కొంప ముంచింది.

ఒకనాడు పొరుగు దేశపు రాయబారి సభకు వచ్చాడు. వల్లభభూపతిని అంతకుముందు చూసినవాడు కాదు. గుమ్మంలోంచి చూసేసరికి తెల్లగడ్డంతో నిండుగా కూర్చున్న ఓబళనాయకుడు కనబడ్డాడు. నేరుగా పోయి ఆయనకు వంగి వంగి దండం పెట్టి, "మహారాజులకు జయము!" అన్నాడు.

సభలో ఎవరూ నవ్వలేదు. అందరూ ఒకేసారి దగ్గారు.

రాయబారి వెళ్ళాక రాజు ముఖం కందగడ్డలా అయింది. "అసలు ఈ ఉపపాలకుడి ఉద్యోగం ఎందుకయ్యా మనకు? నూట పాతికేళ్ళ నుంచి ఉంది. ఏడుగురు కూర్చుని లేచారు. ఏం ఒరిగింది? ఈ రాజ్యంలో గోడ కట్టినా, కాలువ తవ్వినా మా వంశపు రాజులే కదా!"

"రాజులే, ముమ్మాటికీ రాజులే," అన్నాడు ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి.

ఓబళనాయకుడు పీఠం మీద నుంచి లేచి, పక్కన నిలబడ్డాడు. అంత వయసు మనిషి అలా నిలబడడం మాచన చూడలేకపోయాడు.

మాచన గ్రంథాలయాధికారి. పాత తాటాకులు, శాసనాల నకళ్ళు, దినచర్య పుస్తకాలు ఆయన చేతిలో ఉంటాయి. సన్నటి మనిషి, నోరు మాత్రం సన్నది కాదు.

"ప్రభూ, తీసేసే ముందు ఆ ఉద్యోగం చరిత్ర ఒకసారి వింటే బాగుంటుందేమో," అన్నాడు.

"చరిత్రా? ఏముంది రాయడానికి?" అని నవ్వాడు రాజు. "సరే, రాయి. వారం గడువు. ఉపపాలకులు చేసిన పని ఒక్కటి సాక్ష్యంతో చూపించావా, ఉద్యోగం ఉంటుంది. చూపించలేదా, ఆ పీఠంతో పాటు నిన్నూ కోట బయట పెట్టిస్తాను."

"చిత్తం. ఒక్క సందేహం ప్రభూ. ఏ సాక్ష్యం చెల్లుతుందో ముందే సెలవిస్తే మంచిది. రాజదినచర్యను నమ్మవచ్చునా?"

రాజు మీసం మెలివేశాడు. "అందులో ఒక్క అక్షరం అబద్ధమన్నవాడి నాలుక కోయిస్తాను. వాడు ఎంతటివాడైనా సరే!"

"మరి రాతి శాసనాలు?"

"వాటి మీది తిథి వారాలు సూర్యచంద్రులంత నిజం."

"ఆ మాట కూడా దినచర్యలో రాయించమని మనవి," అన్నాడు మాచన. రాజు ఉత్సాహంగా రాయించాడు.

ఆ వారమంతా మాచన గ్రంథాలయం వదిలి బయటికి రాలేదు. భోజనం అక్కడికే తెప్పించుకున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం ఓబళనాయకుడు కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎందుకు నాయనా నా కోసం నీ బతుకు పాడు చేసుకుంటావు? రాజుగారి మనసు నొచ్చింది. నేను తప్పుకుంటే సరిపోతుంది."

"మీ కోసం కాదు లెండి, నాయకులవారూ. నా నోరు ఊరుకోక అన్నాను. ఇప్పుడు వెనక్కి తీసుకోలేను," అని మాచన ఆయనకు చాప వేశాడు.

ముసలాయన కూర్చుని, కుప్పలుగా పడి ఉన్న తాటాకుల వంక కాసేపు చూశాడు. "ఒక మాట చెబుతాను. నా గురించి ఏమీ రాయకు. రాజుగారి ఉప్పు తింటూ నేనిది చేశాను, అది చేశాను అని చెప్పించుకోవడం బాగుండదు. కానీ నాగసానమ్మ పేరు మాత్రం వదలకు. ఆవిడ నాకు మేనత్త. ఆవిడ చేసింది ఇప్పుడు ఎవరికీ తెలియదు."

"ఆవిడ పేరు దొరికింది," అన్నాడు మాచన. ముసలాయన కళ్ళు చెమర్చాయి. కర్ర అందుకుని లేచి వెళ్ళిపోయాడు.

గడువు రోజు వచ్చింది. సభ కిటకిటలాడింది. మాచన రెండు కట్టలు పట్టుకొచ్చి ముందు పెట్టుకున్నాడు. ఒకటి శాసనాల నకళ్ళు, రెండోది దినచర్య.

"మొదటి ఉపపాలకుడు కాచినాయకుడు," అని మొదలుపెట్టాడు. "ప్రభువుల ముత్తాతగారి కాలం. ఉత్తరపు కోటగోడ ఆయన హయాంలో లేచింది."

"ఆగు," అన్నాడు రాజు. "ఆ గోడ మీద శాసనం ఉంది. మా ముత్తాతగారు దగ్గరుండి కట్టించారని ఉంది."

"ఉంది ప్రభూ. పని మొదలైన తిథి, ముగిసిన తిథి కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ పద్నాలుగు నెలలూ ముత్తాతగారు ఎక్కడున్నారో దినచర్య చెబుతోంది." మాచన రెండో కట్ట విప్పి చదివాడు. "'ఈ దినము ప్రభువులు కాశీలో గంగాస్నానము చేసి, చలికి వణికి, రెండు కంబళ్ళు కప్పుకొనిరి.'"

సభలో గుసగుసలు లేచాయి. సోమయాజి గొంతు సవరించుకున్నాడు. "ఇందులో వింతేముంది? ప్రభువులు కాశీలో ఉన్నా వారి ప్రతాపం ఇక్కడే ఉంది. ఆ ప్రతాపమే గోడ కట్టించింది."

"సోమయాజిగారు గొప్ప మాట సెలవిచ్చారు," అన్నాడు మాచన వినయంగా. "అయితే ఇకమీదట ప్రభువులు కూడా శ్రమపడి సభకు రానక్కరలేదు. ప్రతాపాన్ని పంపితే చాలు. సోమయాజిగారి సంభావన కూడా ప్రతాపమే ఇచ్చేస్తుంది."

సోమయాజి చటుక్కున కూర్చున్నాడు. రాజు పెదవి బిగించాడు గానీ, ఒక కొసన నవ్వు తప్పించుకుంది.

"రెండో ఆయన సంతపేట వీధులు వేయించాడు. మూడో ఉపపాలకురాలు నాగసానమ్మ," అన్నాడు మాచన. "ప్రభువుల తాతగారి కాలం. ఆ రెండో ఆయన భార్యే; భర్త పోతే ఆ పీఠం మీద కూర్చుంది. ఆ ఏడు వానలు లేవు. ఊళ్ళో గింజ లేదు. కోట గాదెలు తెరిపించి, తూర్పు కాలువ తవ్వించి, తవ్విన వాళ్ళకు తిండి పెట్టింది. తట్ట మొయ్యలేని వాళ్ళకూ పెట్టింది. కాలువ గట్టు మీది రాయి తిథులు చెబుతోంది. ఆ తిథుల్లో తాతగారు..."

"ఎక్కడున్నారు?" అన్నాడు రాజు, ఈసారి కాస్త మెల్లగా.

"అత్తవారింట్లో, ప్రభూ. నలభై రోజులకని వెళ్ళి నాలుగు నెలలున్నారు. 'ఈ దినము కూడా అరిసెలు బాగుండెను' అని రాసి ఉంది."

జనం పకపకా నవ్వారు. ఓబళనాయకుడు మాత్రం తల వంచుకుని పైపంచె కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ పేరు ఆ సభలో వినబడి అరవై ఏళ్ళయింది.

మాచన నాలుగో ఆయన సంగతి చెప్పాడు. ఐదో ఆయన దగ్గర ఆగి, "పాపయ్యగారు ఏమీ చెయ్యలేదు. ఆ కాలంలో రాజుగారు ఎక్కడికీ కదల్లేదు. పాపయ్యగారు తొమ్మిదేళ్ళు పీఠం మీద కునికిపాట్లు పడ్డారు. అబద్ధం రాయడం నాకు చేతకాదు," అన్నాడు. ఆ మాటతో మిగిలినవన్నీ నిజమేనని సభకు మరింత నమ్మకం కుదిరింది. ఆరో ఆయన సంగతి కూడా చదివి మాచన పుస్తకం మూశాడు.

"ఏడోవాడు?" అన్నాడు రాజు.

"రాయవద్దని వారే కోరారు ప్రభూ."

రాజుకు పోయిన ఊపిరి తిరిగి వచ్చినట్టయింది. "చూశారా! రాయడానికి ఏమీ లేదన్నమాట! పాతవాళ్ళ సంగతి సరే, నా ఏలుబడిలో ఉపపాలకుడు చేసింది సున్న!"

"ఒక్క ఆకు మాత్రం ఉంది," అని మాచన సింహాసనం దగ్గరికి వెళ్ళి ఒక తాటాకు రెండు చేతులతో అందించాడు. "ఇది సభలో చదివేది కాదు. ప్రభువులే చూడాలి. ఇందులో ఒక పేరు ఖాళీగా వదిలాను. ఏలినవారు స్వహస్తంతో నింపితే అదే చరిత్ర."

రాజు చదువుకున్నాడు. ఆకు మీద ఇలా ఉంది:

'మూడేళ్ళ కిందట శ్రావణ మాసంలో నల్లేటికి మూడు రోజులు పెద్ద వరద. తూములు తెరిపించి, పల్లపు వీధుల జనాన్ని పిల్లామేకలతో సహా కోటలోకి చేర్చి, ఒక్క ప్రాణం పోకుండా కాపాడినవారు: ...... దినచర్య ప్రకారం ఆ మూడు రోజులూ వల్లభభూపతులవారు కొండకోటలో కొత్త ఏనుగుకు పేరు పెడుతూ ఉండిరి. జ్యోతిష్కులకు కుదరక మూడు రోజులు పట్టెను.'

రాజు ముఖంలో రంగులు మారాయి. నడివీధిలో ఒక రాతి స్తంభం ఉంది. వరదలో ఊరిని కాపాడింది వల్లభభూపతేనని దాని మీద నిలువెత్తున చెక్కించి ఉంది. అది చెక్కినప్పుడు ఓబళనాయకుడు పక్కనే నిలబడి, రాయి నిటారుగా ఉందో లేదో చూశాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ సంగతి రాజుకు ఇప్పుడు గుర్తొచ్చింది.

గంటం చేతిలోకి తీసుకున్నాడు. ఖాళీ వంక చూశాడు. తన పేరు రాసుకుంటే దినచర్య అబద్ధమవుతుంది. దినచర్య అబద్ధమన్నవాడికి తానే ఒక శిక్ష వేసి ఉన్నాడు.

సభ అంతా ఊపిరి బిగబట్టింది. మాచన చేతులు కట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. 

ఉన్నట్టుండి రాజు పగలబడి నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగేదాకా నవ్వాడు.

"ఓరి మాచనా! నా పేరు రాస్తే నా నాలుక నేనే కోయించుకోవాలి గదరా!"

"అంత మాటా ప్రభూ! అందుకే ఖాళీ వదిలాను."

రాజు ఖాళీలో గంటంతో ఒక పేరు గీసి, లేచి నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరి దాకా తానే బిగ్గరగా చదివాడు. ఏనుగు సంగతి కూడా దాచలేదు. తాను నింపిన 'ఓబళనాయకుడు' అన్న పేరు చదివేసరికి, పల్లపు వీధుల నుంచి వచ్చి సభ చివర నిలబడ్డ జనం ఒక్కసారిగా కేకలు పెట్టారు. రాజు మెట్లు దిగి ముసలాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీఠం మీద కూర్చోబెట్టాడు.

"మూడేళ్ళు ఎందుకు చెప్పలేదు, బాబాయ్?" అన్నాడు. చిన్నప్పుడు అలాగే పిలిచేవాడట.

"ఏనుగు పేరు కూడా బాగానే కుదిరింది కదా నాయనా," అన్నాడు ఓబళనాయకుడు.

ఆ వారంలోనే నడివీధి స్తంభం మీద కొత్తగా చెక్కారు. ఓబళనాయకుడు పట్టుబట్టడంతో పైన నాగసానమ్మ పేరు, ఆమె కింద మిగిలిన వాళ్ళవి, పాపయ్యది కూడా.

రాజు మాచనకు తన భుజం మీది జరీ శాలువ కప్పాడు. "నాయకులవారి తరవాత ఆ పీఠం నీదే," అన్నాడు.

"క్షమించాలి ప్రభూ. ఒకరు చేసిన పని ఇంకొకరి పేరున పడుతూ ఉంటే నోరు మూసుకు కూర్చోవాలి అక్కడ. అంత ఓర్పు నాకు లేదు. శాలువ మాత్రం ఉంచుకుంటాను."

రాజు మళ్ళీ నవ్వాడు.

మరుసటి నెలలో వల్లభభూపతి రాణిగారిని తీసుకుని సముద్రస్నానానికి బయలుదేరాడు. ఇరవై రోజులు హాయిగా గడిపి వచ్చాడు. ఆ ఇరవై రోజులూ మేరువాడలో వానలు వేళకు పడ్డాయి, చెరుకు ఏపుగా పెరిగింది, చెప్పుకోదగ్గ విశేషమేమీ జరగలేదు. పీఠం మీద కూర్చున్న ఓబళనాయకుడు ప్రతి సాయంత్రం ఆ మాటే ఎంతో తృప్తిగా రాయించాడు.