రత్నం పెట్టెలోంచి తీసేసినవి

అనగనగా జీడితోటల పక్కన ఒక ఊరు ఉండేదమ్మా. ఆ ఊళ్ళో రత్నం అని ఒక పిల్ల. అసలు పేరు నూకరత్నం. అంత పేరు పిలవడానికి ఎవరికీ ఓపిక లేక రత్నం అనేవాళ్ళు. వాళ్ళ నాన్న సింహాద్రి దర్జీ. వీధి అరుగు మీద మిషను వేసుకుని ఊరందరికీ జాకెట్లూ లాగూలూ కుట్టేవాడు.

రత్నానికి పన్నెండో ఏట వాళ్ళమ్మ జ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత రెండేళ్ళకి సింహాద్రి పైడమ్మని పెళ్ళి చేసుకున్నాడు. పైడమ్మ మాట తక్కువ మనిషి. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పనే పని. ఆవిడ ఇంట్లో ఉందో లేదో గిన్నెల చప్పుడుని బట్టి తెలుసుకోవాలి.

రత్నం ఆవిణ్ణి ఏమని పిలిచేదో తెలుసా? ఏమనీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే గోడకేసి చూసి చెప్పేది. పైడమ్మ కూరలో ఉప్పు తక్కువేస్తే, "నామీద కక్ష" అనుకునేది. ఎక్కువేస్తే, "నన్ను తిననివ్వకూడదని" అనుకునేది. సరిగ్గా వేసిందనుకో, "ఇవాళ నాతో ఏదో పని పడింది" అనుకునేది. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి.

దీనికి తోడు సోములమ్మ అని మేనత్త ఒకావిడ. పక్క వీధే. రోజూ సాయంత్రం వచ్చి రత్నం చెవిలో ఏదో ఒకటి ఊదేది. "సవతి తల్లి చేత్తో పెట్టిన మజ్జిగ కూడా వాసన చూసి తాగాలే" అనేది. రత్నం వాసన చూసే తాగేది.

ఇలా అయిదారేళ్ళు గడిచాయి. రత్నం చదువులో గట్టిది. డిగ్రీ అయింది. అప్పుడు పట్నంలో యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఆ ఊరి నుంచి అంత చదువుకి వెళ్ళే మొదటి ఆడపిల్ల అదే. సింహాద్రి ఆ రోజు మిషను తొక్కలేదు. వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ ఆ కాగితం చూపిస్తూ కూర్చున్నాడు.

హాస్టలు వాళ్ళు ఇంకో కాగితం కూడా పంపించారు. గదికి ముగ్గురు. మనిషికి ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట. అంతకుమించి తేకూడదు. అలమారాకి తాళం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

ఆ చివరి మాట చూడగానే రత్నానికి అనుమానం పుట్టింది. "తాళం తెచ్చుకోమన్నారంటే అక్కడ దొంగలున్నారన్నమాట" అంది. "ఉండరూ మరి!" అంది సోములమ్మ. అని, మూడు తాళంకప్పలు తెచ్చిచ్చింది.

సింహాద్రి ఆకుపచ్చ రేకు పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. బయల్దేరడానికి ఇంకా వారం ఉంది. రత్నం ఆ రోజే సర్దడం మొదలుపెట్టింది. చిన్న ఇత్తడి బిందె, దాని నిండా జాకెట్లు కుక్కింది. ఆవకాయ జాడీకి మూతిమీద గుడ్డ కట్టి పెట్టింది. చట్రం ఉన్న అద్దం, బొగ్గుల ఇస్త్రీపెట్టె, పుస్తకాలు. అన్నిటికీ పైన వాళ్ళమ్మ చీర. కనకాంబరం రంగు నేతచీర అది. ఆవిడ వస్తువుల్లో రత్నానికి మిగిలింది అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కాస్త కునుకు తీశారు. లేచి చూస్తే పెట్టెలో బిందె లేదు! జాకెట్లు మడతపెట్టి ఉన్నాయి. బిందె ఉండాల్సిన చోట చుట్ట చుట్టిన కొబ్బరితాడు ఉంది.

దొంగ తీసుకుపోవడం విన్నాం గాని, తీసి ఇంకోటి పెట్టడం ఎక్కడైనా విన్నామా? రత్నం ఆ తాణ్ణి రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి అత్తకి చూపించింది. సోములమ్మ దాన్ని ముట్టుకోకుండానే చూసింది.

"ఇది కట్టుతాడే. నువ్వు గడప దాటకుండా మంత్రించి పెట్టారు" అంది.

"ఎవరు?"

"నేను పేరు చెప్పాలా?"

రత్నం తాణ్ణి దొడ్డిగోడ అవతలికి విసిరేసింది. తాళం వేస్తే దొంగ దొరకదని, పెట్టె గొళ్ళేనికి ఒక ఎర్రదారం కట్టింది, ఎవరైనా తీస్తే తెగుతుందని.

ఇక రెండో రోజు. కునుకు నుంచి లేచి చూస్తే ఎర్రదారం ఉన్నచోటే ఉంది. హమ్మయ్య అనుకుని పెట్టె తెరిచింది. జాడీ లేదు! అప్పుడు దారం ముడి చూసింది. తను వేసిన ముడి కాదది. ఎవరో విప్పి, మళ్ళీ శ్రద్ధగా కట్టారు. జాడీ చోట ఒక పొట్లం ఉంది. విప్పితే కందిపొడి. ఘుమఘుమలాడుతోంది.

"మందు పెట్టారే!" అంది సోములమ్మ గుండెమీద చెయ్యేసుకుని. "తిన్నావంటే చదువు మీద మనసు పోతుంది."

అప్పుడు ఇద్దరూ కలిసి చిటికెడు పొడి కోడికి వేశారు. అది పడిపోతుందేమోనని అక్కడే కూర్చుని చూశారు. కోడి ఆ పొడి తినేసి, ముక్కు నేలకి రాసుకుని, ఇంకా లేదా అన్నట్టు వాళ్ళకేసి చూసింది.

"దీనికి మెల్లగా ఎక్కుతుంది" అంది సోములమ్మ.

ఇంక రత్నానికి ఇంట్లో నీళ్ళు తాగాలన్నా అనుమానమే. నాన్న మిషను ఆపితే అనుమానం. పైడమ్మ గదిలోకొస్తే అనుమానం, రాకపోతే ఇంకా అనుమానం. మూడో రోజు ఏం చేసిందంటే, పెట్టె చుట్టూ నేలమీద ముగ్గుపిండి పల్చగా చల్లింది. చల్లి, కళ్ళు మూసుకుని పడుకుంది. పడుకుంది గాని పరీక్షల అలసట ఇంకా తీరలేదేమో, నిజంగానే నిద్ర పట్టేసింది.

లేచేసరికి పిండిలో అడుగులున్నాయి. చిన్న అడుగులు. పెట్టె దగ్గర్నుంచి వంటింటి దాకా వెళ్ళాయి. రత్నం పెట్టె మూత ఎత్తింది. పైన ముదురు నీలం దుప్పటి ఒకటి ఉంది. వాళ్ళమ్మ చీర లేదు.

అప్పుడు రత్నానికి కోపం రాలేదమ్మా. ముందు ఏడుపొచ్చింది. ఆ తర్వాత వచ్చింది కోపం. గోడకేసి చూడకుండా, తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. పైడమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఆవిడ పాదాలు తెల్లగా ఉన్నాయి.

"మా అమ్మ చీర ఏదీ?" అని అరిచింది రత్నం.

ఆ అరుపుకి సింహాద్రి మెళ్ళో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. సోములమ్మ కూడా వచ్చింది. ఆవిడ ఎక్కడున్నా ఇలాంటి వేళకి వచ్చేస్తుంది. "నేను చెప్పలేదూ? బిందె పోయె, జాడీ పోయె, ఇప్పుడు చచ్చిపోయినదాని చీర కూడా పోయె!" అంది.

పైడమ్మ గరిటె కింద పెట్టింది. "రా" అని ధాన్యం గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ బోర్లించిన గంప మీద ఇత్తడి బిందె ఉంది. ఆవకాయ జాడీ ఉంది. ఉతికిన పంచెలో చుట్టి, మధ్యలో ఎండు వేపాకు వేసి, కనకాంబరం చీర ఉంది.

"ఎందుకు తీశావు?" అంది రత్నం.

"చెబితే వింటావా? నేను బిందె వద్దంటే నువ్వు రెండు పెడతావు."

నిజమే కదా మరి.

"హాస్టళ్ళ సంగతి దీనికేం తెలుసటా?" అంది సోములమ్మ.

"అయిదో తరగతి నుంచి ఎనిమిది దాకా నేను హాస్టల్లోనే ఉన్నాను వదినా" అంది పైడమ్మ.

సింహాద్రి నోరు తెరిచాడు. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడూ అడగలేదు."

రత్నానికి అప్పటికీ నమ్మకం కుదర్లేదు. అంతకాలం పెంచుకున్న అనుమానం ఒక్క మాటకి పోతుందా? "అయితే బిందె ఎందుకు వద్దో చెప్పు" అంది.

పైడమ్మ చెప్పింది. "పంపు దగ్గర వరస ఉంటుంది. బకెట్లు వాళ్ళే ఇస్తారు. నువ్వు బిందె తెచ్చుకుంటే గదిలో దానికి చోటు ఉండదు, మంచం కింద తగిలి పక్కవాళ్ళకి నిద్ర చెడుతుంది. తాడైతే కిటికీకి కట్టుకుని బట్టలారేసుకోవచ్చు. బట్టలారేసే చోటు కోసమే అక్కడ సగం తగాదాలు. ఆవకాయ సంగతంటావా, దార్లో నూనె కారి నీ పుస్తకాలన్నీ పాడవుతాయి. పొడి కారదు."

ఆవిడ ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"మరి చీర?" అంది రత్నం.

పైడమ్మ గంప పక్కనున్న చిన్న సంచిలోంచి అరచెయ్యంత గుడ్డముక్క తీసింది. రంగు వెలిసిపోయి ఉంది.

"ఇది మా అమ్మ చీర. నేను ఆరో తరగతిలో ఉండగా పోయింది మా అమ్మ. ఈ చీర పెట్టెలో పెట్టుకుని వెళ్ళాను, రోజూ తలకింద పెట్టుకునేదాన్ని. ఒకరోజు బడినుంచి వచ్చేసరికి లేదు. ఎవరో కావాలని తియ్యలేదులే. పాతగుడ్డ అనుకున్నారు. నేల తుడవడానికి నాలుగు ముక్కలు చింపి నాలుగు గదులకి ఇచ్చారు. నాకు ఈ ముక్క దొరికింది." ఆ గుడ్డ మళ్ళీ సంచిలో పెట్టేసింది. "చీర ఇంట్లో ఉంచి దుప్పటి తీసుకెళ్ళమని నాకు చెప్పేవాళ్ళు లేరు అప్పుడు."

సోములమ్మ పైటచెంగుతో ముక్కు తుడుచుకుంది. "పొయ్యిమీద పాలు పెట్టొచ్చాను" అని వెళ్ళిపోయింది. పాలు పెట్టిందో లేదో ఎవరికి తెలుసు?

అప్పుడు రత్నం ఏం చేసిందంటే, రేకు పెట్టెని బరబరా ఈడ్చుకొచ్చి పైడమ్మ ముందు బోర్లా తిప్పింది. సామానంతా నేలమీద పడింది.

"పిన్నీ" అంది. అదే మొదటిసారి. "ఈ అద్దం?"

"చట్రం లేనిది చిన్నది చాలు."

"ఇస్త్రీపెట్టె?"

"వద్దు. బొగ్గులెవరు తెస్తారు?"

"ఈ తాళాలు మూడూ?"

"ఒకటి చాలు. మూడు తాళాలు వేస్తే లోపల బంగారం ఉందనుకుంటారు."

రత్నానికి నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే దొడ్డిగోడ అవతలికి వెళ్ళి తాడు వెతికి తెచ్చింది. దాని మీద అప్పటికే ఎవరిదో మేక పడుకుని ఉందట. అలా పొద్దు వాలేదాకా కూర్చుని, పెట్టేవి ఒక పక్క, పెట్టకూడనివి ఒక పక్క వేరు చేశారు. పెట్టకూడనివే ఎక్కువయ్యాయి. చివరికి చీర మిగిలింది.

"ఇది?" అంది రత్నం.

"అది నీ ఇష్టం. మీ అమ్మది. నేను చెప్పకూడదు" అంది పైడమ్మ. "చెప్పకుండా తియ్యడం కూడా తప్పే. నిన్ను అడగాల్సింది."

రత్నం చీర ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ తర్వాత పైడమ్మ చేతిలో పెట్టింది. "నీ దగ్గరే ఉంచు పిన్నీ" అంది. అంది గాని, ఇచ్చేముందు మడతలు లెక్కపెట్టుకుంది. పైడమ్మ అది చూసి, చీరని మళ్ళీ పంచెలో చుట్టింది.

బయల్దేరే రోజు పెట్టె ఎంత తేలిగ్గా ఉందంటే, సింహాద్రి ఒక్కచేత్తో బస్సు మీదికి ఎక్కించాడు. రత్నం కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఏదో చెప్పాలనుకుంది. ఇంతలో బస్సు కదిలిపోయింది.

ఆ తర్వాత పది రోజులకి పోస్టుమాను వచ్చాడు. మిషను దగ్గర సైకిలు ఆపి, "పైడమ్మగారంటే ఎవరండీ?" అన్నాడు. ఆ ఊళ్ళో ఆవిణ్ణి అందరూ దర్జీ రెండో పెళ్ళాం అనేవాళ్ళే గాని, పేరు ఎవరికి తెలుసు? సింహాద్రి చెయ్యి చాపాడు.

"మీకు కాదండీ. ఆవిడకే" అన్నాడు పోస్టుమాను.

పైడమ్మ తడిచేతులు తుడుచుకుని వచ్చింది. కవరు మీద తన పేరు రెండుసార్లు చదువుకుంది. పుట్టాక ఆవిడ పేరున వచ్చిన మొదటి ఉత్తరం అది. గుమ్మంలో కూర్చుని విప్పింది. లోపల ఇలా ఉంది.

"పిన్నికి నమస్కారం. నేను క్షేమం. ఇక్కడ పక్కమంచం అమ్మాయి సీతారత్తమ్మ నా సబ్బు వాడుతోందని నాకు అనుమానంగా ఉంది. పొద్దున్న ఒక సైజులో ఉంటోంది, సాయంత్రం ఒక సైజులో ఉంటోంది. నాన్నకి చెబితే వార్డెనుకి ఉత్తరం రాసేస్తాడు. అత్తకి చెబితే మంత్రం అంటుంది. అందుకే నీకు రాస్తున్నాను. ఏం చెయ్యమంటావు?"

పైడమ్మ చదివి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సింహాద్రి మిషను ఆపి చూశాడు. ఆవిడ నవ్వితే ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రమే ఆయన్నడిగి కలం తీసుకుని, కార్డుముక్క మీద నిదానంగా జవాబు రాసింది.

"రత్నానికి ఆశీస్సులు. ఆ పిల్లనే అడుగు. నన్ను అడిగినట్టు అరిచి కాదు, మెల్లగా. తడిచోట పెడితే సబ్బు దానంతటదే కరుగుతుంది, అదీ చూసుకో. మళ్ళీ రాయి."

అదమ్మా సంగతి. కళ్ళు మూతలు పడుతున్నాయే నీకు! సరే సరే.

కథేమో పోయె కంచికి,
మనమేమో వస్తిమి ఇంటికి,
నిద్రేమో వచ్చె కంటికి.