ఒక చుక్క ఎక్కువ

చిన్న కథే. పొయ్యి మీద ఎసరు మరిగేలోగా అయిపోతుంది. కందిమల్ల కోట సింహద్వారం దగ్గర భటుడొకడు నిలబడే నిద్రపోయేవాడు. కల కూడా నిలబడే కనేవాడని అతని పెళ్లామే చెప్పింది. సరే, వాడితో మనకి పని లేదు.

ఆ కోట రాజు మల్లభూపతి. ఆయనకి ఆరేళ్ల కూతురు మంజరి. "పున్నమిలోగా పిల్లకి అంకెలు రావాలి" అని రాజుగారికి పట్టుదల పుట్టింది. గణితకేసరి వామనభట్టుకి ఆ పని అప్పగించాడు. బిరుదు ఎవరిచ్చారని అడక్కండి, ఆయనే పెట్టుకున్నాడు.

భట్టు రోజూ నూరు దాకా వల్లె వేయించేవాడు. పిల్ల పదకొండు దగ్గర ఆవలించి, వాకిట్లో ముగ్గు వేసే పైడమ్మ దగ్గరికి పారిపోయి, ఆమెతో కలిసి చుక్కలు పెట్టేది.

పున్నమి వచ్చింది. అంకెలు రాలేదు.

"ఆ ముగ్గుమనిషే పిల్లని చెడగొట్టింది ప్రభూ! పంపించేయండి" అన్నాడు భట్టు.

రాజు సరేనన్నాడు.  ఇరవయ్యేళ్లుగా ఆ వాకిలే పైడమ్మ బతుకు. అయినా చేతులు కట్టుకుని అంది:

"ఆఖరిసారి చుక్కలు పెట్టాను బాబూ. పండితులవారు ఒక్కసారి సరిచూస్తే, వెళ్లిపోతాను."

అందరూ వాకిట్లోకి వచ్చారు. మధ్య వరసలో తొమ్మిది చుక్కలు. అటూ ఇటూ తగ్గుతూ ఒకటి దాకా వరసలు. భట్టు మీసం దువ్వుకుంటూ చూశాడు.

"చుక్కల్లో చూసేదేముంది? సరిగానే ఉన్నాయి."

రాజు కూడా తలూపాడు.

"ఊహూ, తప్పు!" అంది మంజరి. "అటు చూడండి నాన్నగారూ, ఏడు, ఐదు, మూడు, ఒకటి. వరసకి రెండేసి తగ్గాయి. ఇటేమో ఏడు తరవాత ఆరు! ఇక్కడ ఐదే రావాలి. ఒక చుక్క ఎక్కువ."

రాజు వంగి వేలితో లెక్కపెట్టాడు. ఆరే.

"చూశారా ప్రభూ! ఈమెకే లెక్క రాదు!" అని అరిచాడు భట్టు.

పైడమ్మ నెమ్మదిగా అంది:

"తప్పు కావాలనే పెట్టాను బాబూ. పట్టుకోవడానికే కదా లెక్క రావాల్సింది."

రాజు నవ్వాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. పైడమ్మకి పట్టుచీర పెట్టి, ఆ రోజునుంచే రాకుమారికి గురువుని చేశారు.

వాకిట్లో ముగ్గు వేసే పని ఖాళీ అయింది. వామనభట్టు తనే అడిగి అందులో చేరాడు. బాగానే వేస్తున్నాడు.