ఆటలో అరటిపండు కానుగమొక్క

అనగనగా ఒక ఊళ్ళో, నీడన్నదే లేని బడొకటి ఉండేది. మధ్యాహ్నం పిల్లలు ఎండలోనే తినాలి. కంచాలు కాలిపోయేవి. వాళ్ళకి వండిపెట్టే సన్నాసమ్మకి అది చూస్తే ఒళ్ళు మండేది.

అప్పుడు బడికి నాలుగు కానుగమొక్కలొచ్చాయి. "ఒక్కటైనా బతక్కపోతే మళ్ళీ ఇవ్వం" అని ఇచ్చినవాళ్ళు గట్టిగా చెప్పిపోయారు.

ఆ బడికి అప్పలనర్సయ్య మేస్టారని ఒకాయన కొత్తగా వచ్చాడు. మంచోడే. "మొక్కల్ని కాపాడండ్రా అని పాఠం చెబితే నిద్రపోతారు సన్నాసమ్మా, ఆటల్లో పెట్టి నేర్పుతాను" అన్నాడు. "నేర్పండి బాబూ, ఎవరొద్దన్నారు" అంది సన్నాసమ్మ.

మొదట నాలుగు స్తంభాలాట. మొక్కలే స్తంభాలన్నాడు. స్తంభాలాటంటే ఏం చేస్తారే? పరిగెత్తుకెళ్ళి స్తంభం పట్టుకుంటారు. పట్టుకున్నారు. ఒకడి చేతిలోకి ఓ మొక్క వేళ్ళతో సహా ఊడొచ్చింది. "నేను ఔటు కాదు, స్తంభం నా చేతిలోనే ఉంది" అన్నాడా వెధవ!

ఆ తర్వాత నీళ్ళాట. ఎక్కువ చెంబులు పోసినవాళ్ళు గెలిచినట్టు. అందరూ బోరింగు పక్కనున్న మొక్కకే పోశారు. వారం తిరక్కుండా అది కుళ్ళి ఒరిగిపోయింది.

ఆ తర్వాత ఆకులాట. కళ్ళు మూసుకుని, ఆకు తడిమి పేరు చెప్పాలట. ఆకులెక్కడివి మరి? మూడోదానికి బోడిగుండు చేశారు. అదీ ఎండిపోయింది.

అప్పుడు సన్నాసమ్మ గరిటతోనే బయటికొచ్చింది. "మేస్టారూ, మీ ఆటలు తగలెయ్య! ఇంకొక్కటే మిగిలింది."

మేస్టారు బుర్ర గోక్కున్నాడు. "మరి మీరే చెప్పండి."

"నాకేం తెలుసు, నేను చదివానా చచ్చానా?"

అప్పుడే ఒకటో తరగతి పైడమ్మ ముక్కు చీదుకుంటూ వచ్చింది. "ఎప్పుడూ నన్నే అరటిపండు చేస్తున్నారు."

అరటిపండంటే తెలుసుగా? మొన్న మీ అక్కావాళ్ళు నిన్ను చేశారే, అదే. ఆటలో ఉంటుంది గానీ దాన్నెవరూ పట్టుకోకూడదు, తొయ్యకూడదు. ఆ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు, పిల్లలందరికీ తెలిసిందే.

సన్నాసమ్మ పైడమ్మ చెయ్యి పట్టుకుని మొక్క దగ్గరికి లాక్కెళ్ళింది. "ఒరే, అందరూ రండి. ఇది పైడికంటే చిన్నది. ఇవాళ్టినుంచి ఇదే అరటిపండు. తగిలినవాడు దొంగ."

"దానికి దాహమేస్తేనో?" అంది పైడమ్మ.

"నువ్వు అన్నం తిని ఎన్ని గ్లాసులు తాగుతావు?"

"ఒకటి."

"దానికీ ఒకటే. నువ్వే పొయ్యి."

అప్పుడు ఆట మొదలైంది. మేస్టారూ ఆడాడు. మొక్క పక్కనుంచి పరిగెడుతుంటే ఆయన పంచె దాని కొమ్మకి తగిలింది. "మేస్టారు దొంగ!" అని పైడమ్మ ఎగిరి గంతేసింది. పాపం, ఆ పూటంతా ఆయనే దొంగ.

మూడు వానాకాలాలు వెళ్ళాయి. మొక్క చెట్టయింది. దాని కింద పదిమంది పిల్లలకి నీడ వచ్చింది, వాళ్ళ కంచాలు చల్లబడ్డాయి. మిగతావాళ్ళు మాత్రం ఎండలోనే.

"ఆ మూడూ తగలెయ్యకపోతే అందరికీ వచ్చేది కదరా!" అని సన్నాసమ్మ అన్నం వడ్డిస్తూ రోజూ తిట్టేది. ఒకటి బతికిందని ఆ మొక్కలిచ్చినవాళ్ళు మళ్ళీ మూడిచ్చారు. ఈసారి మేస్టారు ఏ ఆటా చెప్పలేదు. పైడమ్మే గ్లాసు పట్టుకుని ముందు నడిచి, "ఇవి మూడూ అరటిపళ్ళు" అంది.

కథేమో కంచికి, కానుగేమో మింటికి, నిద్రేమో నీ కంటికి. ఇంక కాళ్ళాడించకు, పడుకో.