మొదటి గరిటె

అనగనగా ధవళగిరి అనే రాజ్యంలో ఒక రాజు. రాజన్నాక కొడుకులుంటారు కదా, ఆయనకు ముగ్గురు. పెద్దవాడు జయకేతు, నడిమివాడు రణకేతు, చిన్నవాడు ఇంద్రనీలుడు. అదే రాజ్యంలో గంటయ్య అని ఒక ముసలి బంటు ఉండేవాడు. ఈ కథ ఎక్కువగా గంటయ్యది. రాజుల సంగతి చెప్పుకోవడానికి వాళ్ళకు భట్రాజులున్నారులెండి.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కాకోలుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు రాజుగారి స్నేహితుడి కూతురు హేమవల్లిని ఎత్తుకుపోయి కోటలో దాచాడు. ఆమెను తేవడానికి పెద్ద రాకుమారుడు ఓడలెక్కి సైన్యంతో వెళ్ళాడు. దీవిలో దిగగానే తన నెత్తిన తెల్లగొడుగు పట్టించుకున్నాడు. కాకోలుడు ఆ గొడుగు చూశాడు, మంత్రదండంతో ఒక్కటి కొట్టాడు. రాకుమారుడు రాయైపోయాడు, సైన్యం కాలికి బుద్ధి చెప్పింది. తరవాత నడిమివాడు వెళ్ళాడు. అందరికంటే ముందు వెండిపళ్ళెంలో భోజనానికి కూర్చున్నాడు. కాకోలుడు ఆ పళ్ళెం చూశాడు, ఒక్కటి కొట్టాడు. నడిమివాడూ రాయైపోయాడు, సైన్యం మళ్ళీ కాలికి బుద్ధి చెప్పింది.

రెండుసార్లూ పారిపోయినవాళ్ళలో గంటయ్య ఉన్నాడు. సిగ్గుపడ్డాడా అంటే పడ్డాడు. కానీ ఆ దొరల కోసం చావాలని మాత్రం అతనికి అనిపించలేదు. వాళ్ళకు గంటయ్య పేరైనా తెలియదు మరి!

మూడోసారి ఇంద్రనీలుడు బయలుదేరాడు. "ఇంకా మీసాలే రాలేదు, వీడు మనకు దొరట!" అని బంట్లు మూతి విరిచారు.

సముద్రానికి పోయే దారి ఒకచోట రెండుగా చీలింది. ఎడమవైపు పోదామన్నాడు గంటయ్య. రాకుమారుడు వినకుండా కుడివైపు నడిపించాడు. అటంతా మోకాళ్ళ లోతు బురద, బురద నిండా పగిలిన గుల్లలు. గంటయ్య అరికాలు తెగి నెత్తురు ధారకట్టింది. రాకుమారుడు సైన్యాన్ని వెనక్కి తిప్పి గట్టు మీద నిలబెట్టాడు.

"తప్పు నాది. తాత చెప్పిందే నిజం. నా మొండితనానికి మీరు కష్టపడ్డారు" అన్నాడు.

బంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఏ దొర నోటా వాళ్ళు ఆ మాట వినలేదు.

"తాతా, నువ్వు నా గుర్రమెక్కు" అన్నాడు రాకుమారుడు.

"అయ్యో! దొర నడుస్తుంటే బంటు గుర్రమెక్కడమా? నా కళ్ళు పోతాయి దొరా."

"కళ్ళు పోవు గానీ, ఎక్కకపోతే కాలు పోతుంది."

అలా గంటయ్య గుర్రమెక్కాడు, రాకుమారుడు కళ్ళెం పట్టి నడిచాడు. ఆ సాయంత్రం అంబలి పోసేటప్పుడు మొదటి గరిటె గంటయ్యకు పోయించాడు. తరవాత జ్వరంతో ఉన్నవాళ్ళకు, ఆ తరవాత అందరికీ. చివరికి రాకుమారుడికి కుండ అడుగున మాడు మిగిలింది. "నాకు మాడంటేనే ఇష్టం" అన్నాడు గీకి తింటూ. అది అబద్ధమని గంటయ్యకు తెలుసు.

సముద్రపొడ్డున ఇసుకలో తాబేలు గుడ్లున్నాయి. రాకుమారుడు సైన్యాన్ని ఆపి, చుట్టూ తిప్పి నడిపించాడు. వెంటనే ఒక పెద్ద తల్లి తాబేలు ఒడ్డుకొచ్చి, "నాయనా, నా బిడ్డలను కాపాడావు. మీకు ఓడలెందుకు, మా వీపులెక్కండి" అంది. తాబేళ్ళ గుంపు కదిలొచ్చింది. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, నేతి సముద్రం దాటారు, అలా ఏడూ దాటారు.

దీవిలో దించి తల్లి తాబేలు రహస్యం చెప్పింది. "కాకోలుడి ప్రాణం కోట మేడ మీది చిలుకలో ఉంది. వాడు లోపలుండగా కోట తలుపు తెరుచుకోదు. దొరను కొట్టడానికే వాడు బయటికొస్తాడు. ఒకసారి కొట్టాడంటే, మళ్ళీ పొద్దు పొడిచేదాకా ఆ దండానికి బలముండదు."

"అయితే వాడు నన్ను కొట్టనీ. మీరు వెనక్కి పరుగెత్తకుండా కోటలోకి పరుగెత్తండి. చాలు" అన్నాడు రాకుమారుడు బంట్లతో.

గంటయ్య అతని వంక చూశాడు. తన పెద్ద మనవడి వయసైనా లేదు ఆ పిల్లవాడికి!

తెల్లారింది. అంబలి కోసం బంట్లు వరసగా నిలబడ్డారు. ఎక్కడినుంచో ఒక మజ్జిగమ్మ వచ్చింది. నెత్తిన కుండ, కొంగు చాటున గడ్డం! కాకోలుడే కదా, ఇంకెవరు? ఎక్కడా గొడుగు లేదు, పళ్ళెం లేదు. దొరను పోల్చుకోలేక వాడు గరిటె వంకే చూస్తూ నిలబడ్డాడు. మొదటి గరిటె గంటయ్య గిన్నెలో పడింది.

"నువ్వేనా నాయనా దొరవు?" అన్నాడు కాకోలుడు గొంతు మార్చి.

గంటయ్య వరస చివరికి చూశాడు. ఖాళీ గిన్నె పట్టుకుని ఆ పిల్లవాడు ఉన్నాడు. కాదంటే చాలు, తను బతుకుతాడు.

"నేనే దొరను. మొదటి గరిటె నాకే పోశారు, కనబడటం లేదూ?" అన్నాడు మీసం దువ్వి.

"కాదు! నేను!" అని రాకుమారుడు అరిచేలోపే దండం పడింది. గంటయ్య రాయైపోయాడు.

ఇక వీళ్ళు పారిపోతారని కాకోలుడు నవ్వుతూ నిలబడ్డాడు. ఒక్కడు కూడా పారిపోలేదు. అందరూ వాణ్ణి చుట్టుముట్టి కదలనివ్వలేదు. రాకుమారుడు కళ్ళు తుడుచుకుంటూ, తెరిచి ఉన్న కోటలోకి పరుగెత్తాడు.

మేడ మీద హేమవల్లి చిలుకకు జామపండు పెడుతోంది. "ఇన్నాళ్ళూ ఈ కిటికీలోంచి పారిపోయేవాళ్ళనే చూశాను. ఇటు పరుగెత్తినవాడివి నువ్వే" అని పంజరం అతని చేతికిచ్చి తనూ వెంట దిగింది.

చిలుకను చూడగానే కాకోలుడు వణికిపోయాడు. "దాని మెడ నులమకు! నీ అన్నలను లేపుతాను" అన్నాడు.

"ముందు మా తాతను లేపు."

"వాడు ఉత్త బంటట కదా!"

"ముందు మా తాతను లేపు" అని మళ్ళీ అన్నాడు రాకుమారుడు.

కాకోలుడు మంత్రం చదివాడు. రాయి వెచ్చబడింది, గంటయ్య కళ్ళు తెరిచాడు. రాకుమారుడు అతన్ని కావిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఊరుకో దొరా, అందరూ చూస్తున్నారు" అన్నాడు గంటయ్య. అతనూ ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ తరవాత అన్నలూ లేచారు. దాంతో కాకోలుడి మంత్రాలన్నీ ఖర్చయిపోయాయి. పాపం చిలుకేం చేసిందని హేమవల్లి పంజరం తెరిచింది. అది తుర్రుమంది. దానికి ఏ పిల్లి అడ్డమొస్తుందోనని కాకోలుడు నేటికీ దాని వెనకాలే పరుగెడుతున్నాడట.

అందరూ క్షేమంగా ఇల్లు చేరారు. నిండు సభలో రాజు గంటయ్యను పిలిచి, "నువ్వు నా కొడుకులు ముగ్గురి వెంటా వెళ్ళావు. ఎవరిని సేనాపతిని చెయ్యమంటావు?" అని అడిగాడు.

గంటయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మహారాజా, పెద్ద దొరల వెంట వెళ్ళినప్పుడు నా ప్రాణం నాకు మహా తీపి. చిన్నదొర వెంట వెళ్ళినప్పుడు అదొకటుందన్న సంగతే మరిచిపోయాను" అన్నాడు.

అన్నలిద్దరూ తల వంచుకున్నారు. పెద్దవాడే లేచి సేనాపతి ఖడ్గం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు.

ఇంద్రనీలుడికీ హేమవల్లికీ పెళ్ళైంది. తండ్రి తరవాత అతనే రాజై చల్లగా చిరకాలం ఏలాడు. అతని సైన్యం వెన్ను చూపిందన్న మాట మాత్రం ఆ రాజ్యంలో ఇంకెవరూ వినలేదు. వాళ్ళు అక్కడ సుఖంగా ఉన్నారు, మీరు ఇక్కడ సుఖంగా పడుకోండి.